రేకు కోసే చేతికి పదమూడు మార్కులు

జనవరి 19

పదో తరగతి గ్రాండ్ టెస్ట్ లెక్కల పేపర్లు దిద్దుడు అయిపోయింది. ముప్పై ఎనిమిది. వేలికి ఎర్ర సిరా, ఎంత కడిగినా పోతలేదు.

వర్షిణికి ఎనభైకి డెబ్బై తొమ్మిది. ఆ ఒక్కటి సుత చదరపు సెంటీమీటర్లు అని రాయనందుకు కోసిన. రేకుల దుకాణం యాకూబ్ భాయ్ బిడ్డ అఫ్రీన్‌కు పదమూడు. పాసుకు ఇరవై ఎనిమిది కావాలె. సగం పేపరు తెల్లగనే ఉన్నది. శంకువు లెక్క కాడ ఒక గుండ్రం గీసి, దాంట్ల సగానికి అడ్డగీతలు కొట్టి వదిలిపెట్టింది. సున్న ఏసిన.

ఇరవై రెండేండ్ల సర్వీసు. మార్కుల కాడ విజయ మేడం దేవుడొచ్చినా ఇనదు అంటరు. ఆ మాటకు లోపల్లోపల మురుస్త.

జనవరి 20

పేపర్లు ఇచ్చిన. ఇంట్ల సంతకం పెట్టించి రేపు తేవాలె. అఫ్రీన్ తన పేపరును నాలుగు మడతలు పెట్టింది. అంచుకు అంచు, మూలకు మూల. మడత మీద గోరుతోటి ఒకటే గీత. ఏడుస్తదేమో అని చూసిన... ఏడువలేదు.

"మేడం, కర్వ్‌డ్ సర్ఫేస్ ఏరియా అంటె ఏంది?"

"పోయిన నెల చెప్పిన గదా."

"చెప్పిన్రు మేడం." కూసున్నది.

ఏడో తరగతి దాంక తెలుగుల చదివింది. ఇప్పుడు పేపరంత ఇంగ్లీషు. నా చేతిల ఏమున్నది.

జనవరి 22

బడి వంటగదిల పొగ. వండే సరోజనక్క కండ్లు ఎర్రగ చింతనిప్పుల తీరుగ అయినయి. "గొట్టం మీద టోపీ ఊడిపోయింది మేడం. గాలి కొడితె పొగ మళ్ల లోపటికే వస్తాంది." హెచ్.ఎం. సార్ నవ్వుకుంట — "లెక్కల మేడం ఉండంగ కొలతలు ఇంకెవరు చెప్తరు? మీరే పోయి చేయించుకరాండ్రి." రేపు అక్కను తీసుకొని పోవాలె.

జనవరి 23

ఇది మొత్తం రాయాలె. ఒక్కటి సుత మర్చిపోవద్దు.

బడి ఇడిసినంక సరోజనక్క, నేను స్టేషన్ రోడ్డుకు పోయినం. యాకూబ్ భాయ్ దుకాణం — బకెట్లు, బియ్యం డబ్బాలు, నూనె గరాట్లు, కోళ్లకు నీళ్ల తొట్లు. భాయ్ మోడా మీద కూసున్నడు, లేవబోయి సందూకకు తాకిండు. ఏడాది సంది కండ్లు మసకనట. లోపట నేల మీద అఫ్రీన్. స్కూలు డ్రెస్సు మార్చుకున్నది, దుపట్టా నడుముకు కట్టుకున్నది. నన్ను చూసి లేచింది, చేతిల రేకు కత్తెర అట్లనే.

"నాప్ లే బేటీ," అన్నడు భాయ్ — కొలత తీసుకోమని.

గొట్టం మందం నేను చెప్పిన. టోపీ మూతి పద్దెనిమిది అంగుళాలు ఉండాలె, చుట్టు వాన నీళ్లు కారాలె. వాలు పన్నెండు అంగుళాలు చాలన్నది సరోజనక్క, చేతితోటే చూపించుకుంట.

నా సంచిల పెన్ను, కాయితం. లెక్క చేద్దామని తీసిన. శంకువు సూత్రం పై ఆర్ ఎల్... రాసి, దాన్ని పట్టుకొని ఏం చేయాల్నో తెల్వక ఆగిన. వైశాల్యం వస్తది. వచ్చిన వైశాల్యంతోటి రేకు మీద గీత ఎట్ల గీయాలె? ఇరవై రెండేండ్లు చెప్పిన సూత్రం. ఎన్నడు ఒక్క శంకువు చేయలేదు నేను.

అఫ్రీన్ ఇనుప పరకార్ తీసింది. ఒక కాలు రేకు నడుమ గుచ్చి, పన్నెండు అంగుళాలకు తెరిచి, గుండ్రం తిప్పింది. కర్ర్ మని సప్పుడు. తర్వాత నడుమ నుంచి రెండు గీతలు — సరిగ్గ పావు ముక్క. గా పావు పక్కన అర అంగుళం ఇడిసిపెట్టి, పావును కోసి పక్కకు పెట్టింది. మిగిలిన ముప్పావు గుండ్రాన్ని రెండు చేతులతోటి దగ్గరికి తెచ్చింది. అంతే. రేకు లేచి నిలబడ్డది. టోపీ.

మూతి మీద టేపు పెట్టి చూసిన. పద్దెనిమిది.

"ఎవరు చెప్పిన్రు బిడ్డా, పావు తియ్యాలని?"

"ఎవ్వలు చెప్పలేదు మేడం. మూతి పద్దెనిమిది అంటె నడుమ నుంచి తొమ్మిది. వాలు పన్నెండు. పన్నెండుల తొమ్మిది ముప్పావు గదా. గందుకే గుండ్రంల సుత ముప్పావే ఉంచాలె."

"అట్లనే ఎందుకు?"

నా మొఖం చూసింది, నేను పరీక్ష పెడుతున్ననేమో అని. "రేకు అంచే మూతి అయితది మేడం. మూతి చుట్టు ఎంతనో రేకు అంచు సుత గంతే ఉండాలె. ఎక్కువుంటె మీద మీదికి వస్తది, తక్కువుంటె సందు పడ్తది."

అర అంగుళం ఎందుకు అని అడగలేదు. అది అతుకుకు. అది నాకు తెలిసింది.

సరోజనక్క టోపీ నెత్తి మీద పెట్టుకొని నవ్వుతాంది. నేను అఫ్రీన్‌నే చూస్తున్న. పద్నాలుగు... పదిహేనేండ్ల పిల్ల. వృత్తం, చాపం, నిష్పత్తి — మూడూ ఒక్క వాక్యంల.

ఇంటికొచ్చి అఫ్రీన్ సంతకం పెట్టించుకొచ్చిన పేపరు తీసిన. శంకువు లెక్క. బొమ్మల కొలతలు — వ్యాసార్థం ఏడు, వాలు పద్నాలుగు. పద్నాలుగుల ఏడు సగం. గుండ్రంల సగానికి అడ్డగీతలు. రేకు కోత గీసింది! అడిగిందేందో ఇంగ్లీషుల తెలువక అక్కడ ఆగింది. జవాబుల అసలు భాగం కాగితం మీద ఉన్నది. దాని పక్కన నా సున్న. ఎర్రగ. చక్కని గుండ్రం.

జనవరి 24

తరగతిల కాగితం శంకువు పట్టుకొని అడిగిన — "దీన్ని పక్క పొంటి కోసి విప్పితె ఏ ఆకారం వస్తది?"

వర్షిణి అందరికంటె ముందు చెయ్యి లేపింది. "ట్రయాంగిల్ మేడం."

తల ఊపిన్రు చానమంది. వెనుక బెంచీ కాడ అఫ్రీన్ తల ఊపలేదు. తల దించుకున్నది, నవ్వు ఆపుకుంటున్నట్టు.

కోసి విప్పిన. వర్షిణి ముక్కు దాంక వంగి చూసింది. అంచు గుండ్రం. నిన్న దుకాణంల నేను చూసినట్టే ఇయ్యాల ఈ పిల్లలు చూస్తున్నరు అనిపించింది.

జనవరి 25, ఆదివారం — భూపాలపల్లి

పొద్దున బస్సు. మా ఆయన ఇక్కడ క్వార్టర్‌ల ఒక్కడే ఉంటడు, చెల్పూర్ కరెంటు ప్లాంటుల ఫిట్టరు. అఫ్రీన్ సంగతంత చెప్పిన. ఆయన చాయ్ పోసుకుంట ఇన్నడు. ఆశ్చర్యపోలేదు.

"మా కాడ గొట్టాలు కోసెటోళ్లు గట్లనే కోస్తరు. నేను సుత కోస్త."

"మరి నాకెన్నడు చెప్పలేదు?"

"నువ్వెన్నడు అడిగినవ్ విజయా?"

పేపరును గొట్టం లెక్క చుట్టి, కూరగాయల కత్తితోటి ఏటవాలుగ కోసిండు. "గొట్టం వంపు తిరగాలంటె గిట్ల కోసి రెండు ముక్కలు అతకాలె." విప్పి బల్ల మీద పరిచిండు.

అల. లేచి, దిగి, మళ్ల లేచిన అల. సైన్ వక్రం... నేను బోర్డు మీద చుక్కలు పెట్టి కలిపే సైన్ వక్రం, పొద్దున పేపరు మీద, వాతావరణ వార్త నడుమ నుంచి పోతాంది. రెండు మూడు కొలతలు పెట్టి సరిచూసిన. అదే. నిజంగ అదే.

"దీని పేరు తెలుసా?"

"మేము లాయ్ అంటం — కోత గీత." నా చెయ్యి మీద చెయ్యి పెట్టి — "ఒక మాట. పదో తరగతి లెక్కలల్ల నాకు ముప్పై అయిదు. అది సుత రెండోసారికి. నీకు ఫస్టు క్లాసని చెప్పిన్రు గదా మావోళ్లు పెండ్లికి ముందు. అబద్ధం."

పంతొమ్మిదేండ్ల కాపురం. నవ్వాల్నో ఏడువాల్నో. ఇద్దరం మస్తు నవ్వినం. బస్సుల మాత్రం కిటికీ పక్కన కూసోని చానసేపు ఏం చూసిన్నో తెల్వదు.

జనవరి 28

మధ్యాహ్నం అన్నాలప్పుడు వర్షిణి స్టాఫ్ రూం తలుపు కాడ నిలబడ్డది. "రా" అన్న. వచ్చింది. ఏడుస్తాంది.

"మేడం, నాకు లెక్కలు రావు."

"డెబ్బై తొమ్మిది వచ్చినయి గదనే."

"అవి గుర్తు పెట్టుకున్నయి మేడం. శంకువుది ఎందుకు గట్ల వస్తదో నాకు తెల్వది. ఇంకేవేవి తెల్వదో... అది సుత తెల్వది."

దాని భుజం మీద చెయ్యి ఏసిన. ఏం చెప్పాలె? నాకు సుత తెల్వకుండె బిడ్డా అని అన్న. నా నోటి నుంచి ఆ మాట ఎట్ల వచ్చిందో. వర్షిణి ఏడుపు ఆపి నన్ను చూసింది.

జనవరి 29

వర్షిణి ఎవరు చెప్పకుండనే వెనుక బెంచీకి మారింది. అఫ్రీన్ పక్కన.

ఫిబ్రవరి 3

ఎఫ్.ఏ. అంటె బడిల మేమే ఏసే ఇరవై ఇంటర్నల్ మార్కులు. దాంట్ల ప్రాజెక్టు పెట్టే వారం. ఎప్పటి లెక్కనైతె చార్టు మీద సూత్రాలు, రంగు పెన్నులు, చుట్టు పూలు. కొందరు దుకాణంల కొనుక్కొచ్చి పేరు రాసుకుంటరు. అందరికి అయిదుకు అయిదు ఏస్త.

ఈసారి వేరే చెప్పిన. ఒక్కొక్కరికి ఒక్క అట్ట. "సరిగ్గ లీటరు ఇసుక పట్టే పాత్ర చేయాలె. ఏ ఆకారమైనా సరే. గది ఎట్ల చేసిన్రో నాకు నోటితోటి చెప్పాలె."

"ఎన్ని మార్కులు మేడం?" — ముప్పై ఎనిమిది నోళ్లు ఒక్కసారి.

ఫిబ్రవరి 6

వరండాల ఇసుక కుప్ప. సైన్సు ల్యాబుల లీటరు బీకరు. ఒక్కొక్కరే పోసి చూసినం.

పల్లీల బండి ఎల్లమ్మ బిడ్డ మమత పొట్లం చుట్టింది. కొలత లేదు, గీత లేదు. ఇసుక పోస్తె అంచు దాంక వచ్చి ఆగింది. ఎట్ల బిడ్డా? "పావు కిలో పొట్లం చేతికి తెలుసు మేడం. రెండున్నర పావులు పట్టేటంత పెంచిన." రెండున్నర పావులు ఎందుకే, లీటరంటె కిలో గదా? "కాదు మేడం, పల్లీలు గదా. పల్లీల బరువు వేరే." ...లీటరు పల్లీల బరువెంతో ముందురోజు అమ్మ బండి కాడ తూచి చూసిందట! సాంద్రత. నేను అడగనిది.

మమతకు గ్రాండ్ టెస్టుల ఇరవై రెండు.

అఫ్రీన్‌ది బకెట్ ఆకారం. కింద చిన్న, మీద పెద్ద. మా పుస్తకంల గా లెక్క లేనేలేదు. ఇసుక పోసినం. ఒక చెంచాడు మిగిలింది. అఫ్రీన్ మొఖం మాడ్చుకొని — "అట్ట మందం ఇడిసిన మేడం. రేకైతె సన్నగుంటది." ఒక చెంచాడు తప్పుకు కారణం సుత చెప్పింది.

వర్షిణి సిలిండర్. లెక్క దోషం లేకుండ చేసింది. చేసినంక లీటరుకు చాన తక్కువ పట్టింది. నిలబడి దాన్ని తిప్పి తిప్పి చూసి, ఒక్కసారి గట్టిగ — "అతుకు! మేడం, అతుకు ఇడువలేదు నేను!" అంత సంతోషంగ తప్పు చెప్పిన పిల్లను నేను ఇంతవరకు చూడలేదు.

హెచ్.ఎం. సార్ గది కిటికీల నుంచి చూస్తనే ఉన్నడు. తర్వాత వచ్చి ఇసుక మీద కూసున్నడు. తెల్ల ప్యాంటుతోటి.

ఫిబ్రవరి 10

ఎఫ్.ఏ. మార్కులు ఎక్కించాలె. పాల్గొనుడు అయిదు, రాతపని అయిదు, ప్రాజెక్టు అయిదు, స్లిప్ టెస్ట్ అయిదు.

మొదటిసారి నిజాయితీగ ఏద్దామని కూసున్న. అఫ్రీన్ — అయిదు, ఒకటి, అయిదు, ఒకటి. పన్నెండు. వర్షిణి — అయిదు, అయిదు, మూడు, అయిదు. పద్దెనిమిది. పెన్ను ఆగిపోయింది. నిజాయితీగ ఏసినా పన్నెండేనా? నేను కండ్లతోటి చూసింది ఈ నాలుగు గళ్లల్ల ఎక్కడ పడ్తది?

సార్ కాడికి పట్టుకపోయిన. చానసేపు చూసిండు.

"విజయా మేడం, మీరు చేసింది నేను కండ్లార చూసిన. కాదంటలేను. కని చుట్టు బళ్లల్ల అందరికి ఇరవైకి ఇరవై పోతాంటె, మన పిల్లకు పన్నెండు ఏసి మనం సత్యవంతులం అయితమా? రేపు ఎనిమిది మార్కులు తక్కువై సీటు పోతె, ఆ పిల్ల ఎవల్ని అడగాలె?"

వచ్చి కంప్యూటర్ ముందట కూసున్న.

ఇరవై. ఇరవై. ఇరవై. ముప్పై ఎనిమిది సార్లు నొక్కిన. సున్న ఏసినప్పుడు తప్పు చేసిన, ఇరవై ఏసినప్పుడు సుత తప్పే చేసిన. తెరమీద చూస్తె పిల్లలంత ఒక్కటే పిల్ల.

ఫిబ్రవరి 23

రంజాన్ రోజాలు మొదలైనయి, అఫ్రీన్ ఉపవాసం ఉంటాంది. అయినా పొద్దున్నే ఏడున్నరకు బడిల నా తరగతి గదికి వస్తాంది, వర్షిణి సుత. పరీక్షకు నెల. పదమూడును ఇరవై ఎనిమిది చేయాలె, అంతే అనుకొని మొదలుపెట్టిన.

నీళ్ల సీసా దాచిపెట్టుకున్న. "తాగుండ్రి మేడం, నాకేం కాదు," అన్నది అఫ్రీన్.

పద్ధతి — అది నోటితోటి చెప్తది, వర్షిణి ఇంగ్లీషుల రాస్తది, నేను సూత్రం గుర్తులల్ల రాస్త. తర్వాత మూడు పక్కపక్కన పెట్టి చూస్తం.

ఫిబ్రవరి 26

ఇయ్యాల శంకువు.

అఫ్రీన్ చెప్పింది — "మొత్తం గుండ్రం తీసుకో. వాలుల సగం మూతి ఎంత పాలో గంత పాలు ఉంచు."

నేను రాసిన: మొత్తం గుండ్రం పై ఎల్ స్క్వేర్. పాలు — ఆర్ బై ఎల్. రెండూ గుణించు. అని ఆగిన.

అఫ్రీన్ చాక్‌పీసు తీసుకున్నది. పైన ఒక ఎల్ కొట్టింది, కింద ఎల్ కొట్టింది. నేను చెప్పకముందే. మిగిలింది పై ఆర్ ఎల్.

బోర్డుకు దగ్గరగ పోయి నిలబడ్డది. వేలితోటి ముట్టింది ఆ మూడు అక్షరాలను. "గిది నేను చెప్పిందేనా మేడం?"

"నువ్వు చెప్పిందే."

"పై ఆర్ ఎల్ అంటె గింతేనా... మరి ముందే గిట్ల చెప్పకపోతిరి."

వర్షిణి నన్ను చూడకుండ పుస్తకం తిరగేసింది. ముల్లు గుచ్చినట్టయింది. కని గా ముల్లు కంటె ఎక్కువ — ఆ పిల్ల వేలు బోర్డు మీద ఉన్న తీరు. సొంత పేరు మొదటిసారి రాసుకున్నోళ్లు గట్ల ముట్టుకుంటరు.

మార్చి 4

అఫ్రీన్ మొదటిసారి ఒక లెక్క ఇంగ్లీషుల పూర్తిగ రాసింది. ఇచ్చినవి, సూత్రం, మెట్లు, యూనిట్లు. నాలుగుకు నాలుగు.

"చేసేటందుకు రెండు నిమిషాలు, రాసేటందుకు పావు గంట," అంటది. అవును బిడ్డా.

మార్చి 11

యాకూబ్ భాయ్ బడికి వచ్చిండు, వర్షిణి చెయ్యి పట్టుకొని. రోడ్డు దాటేటప్పుడు కనబడ్తలేదట. "మేడం, పొద్దుగాల అది మీ కాడికి వస్తె దుకాణం పనికి జర పరేషాన్ ఉన్నది. అయినా పంపిస్త. కని ఒక్క మాట చెప్పుండ్రి... దానికి నిజంగ చదువు వస్తదా? పదమూడు మార్కులకు సంతకం పెట్టించుకున్నది నాతోని. నాకు నంబరు కనబడలేదు, అదే చదివి చెప్పింది."

అదే చదివి చెప్పింది. పదమూడు అని. ఇరవై అని చెప్పినా తెలిసేది కాదు ఆయనకు.

"భాయ్, నాకంటె ఎక్కువ వస్తది," అన్న. నమ్మలేదు. మర్యాదకు అంటున్న అనుకున్నడు.

మార్చి 28

లెక్కల పరీక్ష. గేటు బయట ఎండల నిలబడ్డ. వర్షిణి వచ్చింది, అఫ్రీన్ వచ్చింది.

"శంకువు రాలేదు మేడం," అన్నది అఫ్రీన్. "సిలిండర్ మీద అర్ధగోళం వచ్చింది. సూత్రం రాసి చేసిన. కని గా అర్ధగోళం సూత్రం ఎట్ల వచ్చిందో నాకు తెల్వది మేడం. నమ్మి రాసిన."

అది తప్పు చేసినట్టు చెప్పింది. వర్షిణి దాన్ని మోచేతితోటి పొడిచి, "నేను పదేండ్ల సంది గట్లనే రాస్తున్న," అన్నది.

ఏప్రిల్ 9 — మహబూబాబాద్

జవాబు పత్రాలు దిద్దే డ్యూటీ. పెద్ద హాలు, ఫ్యాన్లు తిరుగుతున్నయి కని గాలి లేదు. వేరే జిల్లా పేపర్లు, పేర్లు లేవు, కోడ్ నంబర్లే. రోజుకు ఇన్ని అని ఉంటది. ఆగి చూసేటందుకు టైం ఉండదు.

ఏప్రిల్ 10 — మహబూబాబాద్

మధ్యాహ్నం ఒక పేపరు. చెత్త రాత. ఒకటి నుంచి ఇరవై దాంక కూడితె ఎంత — శ్రేఢి లెక్క. పోయినేడు అయితె ఒక్క చూపు చూసి కొట్టేసేదాన్ని. సూత్రం లేదు. చుక్కలున్నయి. ఒకటి, కింద రెండు, కింద మూడు... మెట్ల లెక్క. దాని పక్కన అదే మెట్లు తలకిందులు చేసి గీసిండ్రు. రెండు కలిస్తె పెద్ద దీర్ఘచతురస్రం. కింద — ఇరవై, ఇరవై ఒకటి, దాంట్ల సగం. 210. ఎవలో? ఆడపిల్లనో మగపిల్లగాడో. ఏ ఊరో.

నాలుగు ఏసిన.

మా బల్ల పెద్ద, రిటైర్ కావడానికి దగ్గర పడ్డ సార్, తనిఖీకి తీసుకొని నా కాడికి వచ్చిండు. "మేడం, సూత్రమేది? జవాబుల కీ ల సూత్రానికి ఒక మార్కు."

"సూత్రాన్నే గీసి ఉన్నది సార్, చూడుండ్రి."

కండ్లద్దాలు తీసి తుడిచి మళ్ల పెట్టుకున్నడు. వేలితోటి ఒక మెట్టును తిప్పి ఇంకో మెట్టు మీద పెట్టినట్టు గాలిల చేసిండు. పక్క బల్లల సార్లు, మేడంలు లేచి వచ్చిన్రు. ఎనిమిది తొమ్మిది మందిమి ఒక్క పేపరు మీద వంగినం.

"నేను ముప్పై ఏండ్ల సంది ఎన్ బై టూ అని చెప్తున్న," అన్నడు సార్ మెల్లగ. "గిది గా సగం. గిక్కడ ఉన్నది సగం."

చివరికి మూడు ఏసిండు. "కీ దాటి పోలేను మేడం." పేపరును కట్టల పెట్టేముందు ఇంకోసారి చూసిండు.

అఫ్రీన్ పేపరు ఇట్లనే ఏదో ఒక హాలుల ఎవలో ఒకరి ముందట ఉంటది ఇప్పుడు.

ఏప్రిల్ 11

బస్సుల లెక్కేసిన — ఇరవై రెండేండ్లల్ల ఎన్ని పేపర్లు దిద్దిన్నో. ఎక్కువసేపు లెక్కేయలేకపోయిన. వాటిల్ల ఎన్ని గుండ్రాలు, ఎన్ని చుక్కలు... నాకు తెల్వకుండ ఎన్ని దాటిపోయినయి.

ఏప్రిల్ 30

ఫలితాలు.

వర్షిణి లెక్కలల్ల ఎనభైకి డెబ్బై ఎనిమిది. మమత పాసు. అఫ్రీన్ — నలభై ఒకటి! ఇరవై కలిపి అరవై ఒకటి. అన్నిట్ల పాసు.

దుకాణం కాడికి ఉరికినట్టు పోయిన. యాకూబ్ భాయ్ లేచి నిలబడ్డడు, నా వైపు చూసిండు — నా వైపు అంటె నా గొంతు వచ్చిన వైపు. సరోజనక్క మిఠాయి పొట్లం తెచ్చింది. అఫ్రీన్ ఫోనుల మెమో చూసుకుంట — "ఇంటర్నల్ల వర్షిణికి ఇరవై, నాకు ఇరవై. మేడం, ఒక్కతీరుగున్నం మేమిద్దరం!" నవ్వింది. నేను నవ్వలేకపోయిన.

మే 3

అఫ్రీన్‌కు డిప్లొమా ఎంట్రన్స్ రాయమని చెప్పిన. వర్షిణి తన పుస్తకాలు ఇచ్చింది. భాయ్ — "చదవనీ మేడం. కని ఈ కండ్లతోటి దుకాణం ఎట్ల నడపాలె?" ఏదో ఒకటి చేద్దాం అన్న. ఏం చేద్దామో తెల్వదు. కండ్లు చూపించేటందుకు జనగామ దవాఖానకు తీసుకపోతనన్న. సోమవారం పోవాలె.

మే 4

జనగామ. డాక్టరమ్మ చూసి, పొర వచ్చింది, తీసేస్తె కొంత కనబడొచ్చు అన్నది. ఎంతనో చెప్పలేనన్నది. ఆపరేషన్‌కు తేదీ ఇచ్చింది.

మే 9

పొద్దున అఫ్రీన్ మా ఇంటికి వచ్చింది. చేతిల సంచి. సంచిల రేకు ముక్కలు.

ఊరవతల దర్గా మీదికి చిన్న గుమ్మటం చేయమని ఎవలో అడిగిన్రట. సగం బంతి ఆకారం. శంకువు లెక్కనే చుట్టుకుంటది అనుకున్నదట. చుట్టుకోలేదు. ముడతలు.

"ఎన్ని తీర్ల కోసినా ముడత పడ్తాంది మేడం. బత్తాయి తోలు లెక్క కోసి చూసిన, నాలుగు ముక్కలు. సాఫ్ రాలేదు. ఎనిమిది చేసిన — జర నయం. పదహారు చేసిన — ఇంకా నయం."

నేల మీద పరిచింది. నాలుగు, ఎనిమిది, పదహారు. పొడుగ్గ, కింద లావు, మీదికి పోయినకొద్ది సన్నగ కొన. ప్రతి ముక్క చుట్టు కోసి, రుద్ది, సుత్తెతోటి తట్టి. రాత్రింబగళ్లు చేసిందో ఏందో. పదహారు ముక్కల గుమ్మటం మీద చెయ్యి పెట్టిన. దాదాపు నున్నగ. దాదాపు.

"ఇంకా సన్నగ, ఇంకా సన్నగ కోసుకుంట పోతె, ఒకనాడన్న ముడత మొత్తం పోతదా మేడం? లేకపోతె ఎప్పటికి జరంత ఉంటనే ఉంటదా?"

నేను రేకు ముక్క చేతిల పట్టుకొని కూసున్న. కొనలు గుచ్చుకుంటున్నయి. డిగ్రీల చదివిన పుస్తకాలు, పేరు గుర్తున్న సూత్రాలు, ఒక్కటి సుత దగ్గరికి వస్తలేదు. అరవై ఒక్క మార్కుల పిల్ల నా ముందట మోకాళ్ల మీద కూసోని, కండ్లు ఆర్పకుండ చూస్తాంది.

"నాకు తెల్వది బిడ్డా," అన్న.

"మరి ఎవలకు తెలుసు?"

రేకు బంతి కాకపోతె, బంతి తోలన్న రేకు లెక్క పరుచుకుంటదేమో అని బత్తాయి ఒకటి తెచ్చి, తోలు తీసి, బల్ల మీద అదిమి చూసిన. చిరిగింది. మళ్ల ఇంకోటి. ఇద్దరం ఆరు బత్తాయిలు ఒలిచినం. గదంత వాసన. ఒక్కటి సుత చదునుగ పడలేదు...